బిడ్డని క్రిబ్‌లోంచి దింపే పని ఊర్లోనే పెట్టుకోండి

ఈ ఎండాకాలం ఇండియాకి పోయే వాళ్ళలో రెండేళ్ళ పిలకాయలు, రెండున్నరేళ్ళ పిలకాయలు ఉన్నవాళ్ళు ఈడ అమెరికాలో మన అసోసియేషన్‌లోనే బోలెడు మంది, వాళ్ళందరికీ ఒక మాట చెప్పాలని ఇది రాస్తున్నా. బిడ్డని క్రిబ్‌లోంచి, అంటే చుట్టూ కమ్మీలుండే పసిపిల్లల మంచంలోంచి, మామూలు పడక మీదికి మార్చే పని తిరిగొచ్చాక చూద్దాంలే అని వాయిదా వేసుకోబాకండి. ఊర్లో ఉండగానే, అమ్మమ్మో నాయనమ్మో పక్కన ఉండగానే మొదలుపెట్టేయండి, వచ్చాక మళ్ళీ క్రిబ్‌లో వెయ్యబాకండి. ఇద్దరు పిల్లల్ని రెండు రకాలుగా మార్చి చూసినదాన్ని, మొదటిసారి మా పెద్దోణ్ణి చాలా బాధపెట్టాం, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

చిన్నది పుట్టేటప్పుడు మా అమ్మ కావలి నుంచి వచ్చింది, అందరి అమ్మల్లాగే విజిటర్ వీసా మీద, ఆర్నెల్లు. పెద్దోడికి అప్పటికి రెండేళ్ళు కూడా నిండలా. అమ్మ వాడి రూములోనే క్రిబ్ పక్కన పరుపేసుకుని పడుకునేది, కమ్మీల్లోంచి చెయ్యి లోపలికి పెట్టి వీపు మీద తడతా ఉంటే వాడు నిద్రపోయేవాడు. ఆర్నెల్లు అయిపోయినాయి, ఒక ఆదివారం అమ్మని డాలస్ ఎయిర్‌పోర్టులో ఎక్కించి వచ్చాం. చిన్నదానికేమో బాసినెట్, అంటే పసిబిడ్డల చిన్న తొట్టి, చాలడం లేదు, క్రిబ్ కావాలి, సరే అని ఆ వచ్చే శనివారమే మా ఆయన వాడికి టాడ్లర్ బెడ్, అంటే చిన్నపిల్లల పొట్టి మంచం, బిగించేశాడు, కార్ల బొమ్మలున్న దుప్పటి కొన్నాం, వాడు పగలంతా దానిమీద ఎగిరి సంబరపడ్డాడు కూడా. రాత్రి రెండింటికి వాడి రూము కెమెరా మానిటర్‌లో చూస్తే మంచం ఖాళీ. పరిగెత్తుకుని పోయి చూస్తే చీకట్లో అమ్మ పరుపు ఉండే చోట కూర్చోని ఆ కార్పెట్‌ని అరచేత్తో తడతా ఉన్నాడు. ఏడవడం కూడా లేదు. అట్టా తడతా ఉన్నాడంతే.

మళ్ళీ వాడు మామూలుగా నిద్రపోవడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ మేము బెడ్ బాలేదేమో, పరుపు గట్టిగా ఉందేమో, నైట్ లైట్ పెడితే పోతుందేమో అని వెతుకుతానే ఉన్నాం. వాడికి మంచంతో పేచీ ఏముంది చెప్పండి. ఒకే వారంలో అమ్మమ్మ ఊరికి వెళ్ళిపోయింది, తన క్రిబ్ పోయింది, ఆ క్రిబ్‌లో చెల్లెల్ని పడుకోబెట్టినారు, ఇన్ని పోగొట్టుకున్న బిడ్డకి కొత్త మంచం తెచ్చి ఆడుకోరా అన్నాం. మన ఇళ్ళల్లో ఇది మా ఒక్కరికే జరిగింది కాదు. ఎందుకంటే మనం అన్ని పనులూ అమ్మా వాళ్ళ ఫ్లైట్ డేట్ చుట్టూనే పెట్టుకుంటాం, "అమ్మ ఊరికి పోయాక రొటీన్ సెట్ చేద్దాం" అనే మాట నేను కనీసం పది ఇళ్ళల్లో విన్నా. నన్నడిగితే రొటీన్ సెట్ చెయ్యడానికి అంతకంటే చెడ్డ వారం ఇంకోటి లేదు.

అసలు ఎప్పుడు మార్చాలి అనేదానికి ఈడ డాక్టర్లు చెప్పే లెక్క సింపులే. బిడ్డ ఎత్తు 35 అంగుళాలు దాటినా, లేదా నిలబడినప్పుడు క్రిబ్ కమ్మీ బిడ్డ ఎత్తులో ముప్పావు వంతు కంటే తక్కువకి వచ్చినా క్రిబ్‌లో ఇంక ఉంచకూడదు, ఎక్కి దూకితే తల పగులుద్ది. దాని కంటే ముందే కాలు పైకేసి ఎక్కడం మొదలుపెడితే ఎత్తు కొలవాల్సిన పని కూడా లేదు, ఆ రోజే దించేయాలి. అట్టా ఎక్కడం లేదు, ఎత్తు కూడా ఆ లెక్క దాటలా, పరుపు అన్నిటికన్నా కింద మెట్టులో ఉంది, బిడ్డ హాయిగా పడుకుంటా ఉంది అంటే తొందరేం లేదు, మూడేళ్ళ దాకా ఉన్నా ఏం కాదు. ఇంకో బిడ్డ వస్తోంది కదా అని మాత్రం తోసెయ్యబాకండి. రెండో క్రిబ్ కొనండి, పాతదైతే డబ్బులు కూడా పెద్దగా కావు. (పాతది అంటే ఒకటి గుర్తుపెట్టుకోండి, పక్క కమ్మీ కిందికి జారే డ్రాప్ సైడ్ క్రిబ్‌లు ఈ దేశంలో 2011 జూన్ నుంచి అమ్మడమే నిషేధం, పిల్లలు ఆ సందుల్లో ఇరుక్కుని చనిపోయారు కాబట్టి. మన గ్రూపుల్లో ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి ఐదారు ఇళ్ళు తిరిగే క్రిబ్‌లు ఉంటాయి, ఎప్పుడు కొన్నారో అడిగి తెలుసుకుని తీసుకోండి. కమ్మీల మధ్య సందు రెండు అంగుళాల మీద కొంచెం, అంటే సోడా టిన్ను దూరకూడదు.)

ఇంక ఊరి సంగతి. చిన్నదానికి రెండేళ్ళ మూడు నెలలప్పుడు కావలి పోయాం. చెన్నైలో దిగి తడ, సూళ్ళూరుపేట, నాయుడుపేట, గూడూరు, నెల్లూరు దాటుకుని ఇంటికి చేరేసరికి తెల్లారింది, బిడ్డకి పగలో రాత్రో తెలీని స్థితి. ఇంట్లో క్రిబ్ లేదు. అంతకుముందు ట్రిప్పులో పెద్దోణ్ణి డబుల్ కాట్ మీద పడుకోబెడితే తెల్లారుజామున దొర్లి కిందపడి పెదవి చిట్లింది, అది గుర్తొచ్చి నేను భయపడతా ఉంటే అమ్మ "ఏందిమే ఆ దిగులు, నేల మీద పడుకునే బిడ్డ యాడ పడుద్ది" అని హాల్లో బండల మీద చాప పరిచి, చాప మీద బొంత పరిచింది. అంతే. బిడ్డ ఒక పక్క, అమ్మ ఇంకో పక్క, పైన ఫ్యాను.

ఆ బొంత గురించి కొంచెం చెప్పాలి. అమ్మ పాత కాటన్ చీరలు, అందులో రెండు వెంకటగిరి చీరలు, నాలుగైదు పొరలుగా మడిచి చుట్టూ పెద్ద పెద్ద కుట్లు వేసి కుట్టింది, ఉతికి ఉతికి మెత్తబడిపోయి ఉంటది గానీ మందం మాత్రం వేలెడు కూడా ఉండదు. ఒక మూల జరీ అంచు ఒకటి బయటికి వచ్చి ఉంటది, చిన్నది ఆ అంచుని బొటనవేలికి చూపుడువేలికి మధ్య పెట్టుకుని రుద్దుకుంటా నిద్రపోవడం మూడో రోజుకే మొదలుపెట్టింది. మొదటి రెండు రాత్రులు లేచి నా దగ్గరికొచ్చింది, మూడో రాత్రి లేచి అమ్మ పొట్ట మీద చెయ్యేసి మళ్ళీ పడుకుంది. క్రిబ్ అనే మాటే ఎత్తలా. ఐదు వారాలు ఉన్నాం, ఆ ఐదు వారాల్లో కమ్మీలు లేని చోట పడుకోవడం, మెలకువ వస్తే మళ్ళీ దానంతట అదే పడుకోవడం, లేచి తిరగాలనిపించినా పక్కన మనిషి ఉంది కాబట్టి తిరక్కపోవడం, అన్నీ నేర్చేసుకుంది. నేర్పించాలని మేమెవరం కూర్చోలా.

మా అత్తగారిది టంగుటూరు దగ్గర పల్లె, ఆడికి పోయినప్పుడు నవారు మంచం. చిన్నప్పుడు మనమంతా ఆ మంచాల మీద పెరిగినోళ్ళమే, ఎవరం పెద్దగా కిందపడలా, ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా? నవారు వదులైతే మధ్యలో కుంగుద్ది, పిల్ల ఎటు దొర్లినా మధ్యలోకే వస్తది. మా అత్తయ్య అందుకే బిడ్డ వచ్చిందని నవారు బిగించకుండా అట్టాగే ఉంచింది. ఇప్పుడు ఊర్లలో కూడా ప్లైవుడ్ కాట్లు, దాని మీద అడుగు మందం ఫోమ్ పరుపులు వచ్చేసినాయి, అవి బల్లపరుపుగా ఉంటాయి, ఎత్తు కూడా ఎక్కువ, ఒక దొర్లు దొర్లితే కిందనే. కాబట్టి ఊర్లో మంచం అంటే అది ఏ మంచమో చూసుకోండి. నేల మీదైతే దోమతెర కట్టి అంచులు బొంత కిందికి దోపాలి, దోమలకే కాదు, పల్లె ఇళ్ళల్లో తేళ్ళు, జెర్రులు తిరుగుతుంటాయి. మా అత్తయ్య పడుకునే ముందు బొంత ఎత్తి దులిపి వేసేది, రోజూ, ఒక్క రోజు కూడా మర్చిపోలా. ఇంకా మిద్దె మెట్లకి గేటు ఉందో లేదో, నీళ్ళ సంపు మూత బిగుసుకుని ఉందో లేదో, పెద్దోళ్ళ బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు యాడ పెట్టారో దిగిన రోజే చూసుకోవాలి, క్రిబ్ లేకపోతే బిడ్డ లేచి ఎటన్నా నడిచిపోద్ది కదా.

ఒక్క విషయంలో మాత్రం నేను అమ్మతో గట్టిగా వాదించా, ఇప్పటికీ వాదిస్తా. ఇదంతా రెండేళ్ళు దాటిన పిల్లల సంగతి. ఏడాది లోపు బిడ్డకి క్రిబ్బే కరెక్టు, వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండు లేకుండా, దుప్పటి లేకుండా, మొదటి ఆర్నెల్లు మన రూములోనే గానీ మన పరుపు మీద కాదు. అమ్మ మొదటిసారి క్రిబ్ చూసి "పసిబిడ్డని బోనులో పెట్టినట్టుంది" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అమ్మ బాధ నాకు అర్థమైంది, మేము పెరిగింది దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో, బట్ట మూసుకోకుండా మధ్యలో అడ్డంగా ఒక కర్ర, వంట చేస్తానే కాలితో తాడు లాగి ఊపేది. కానీ ఆ ఉయ్యాల పక్కన పగలంతా ఎవరో ఒకరు మెలకువగా ఉండేవాళ్ళు. ఈడ రాత్రి పూట ఇద్దరం అలిసిపోయి పడి నిద్రపోతాం, పరుపులు మెత్తన, చలికి కంఫర్టర్లు, పసిబిడ్డకి అవి ప్రాణం మీదికి తెస్తాయి. ఉయ్యాలలో వేసే వేడుక చేసుకోండి, పాటలు పాడండి, ఫోటోలు తీసుకోండి, రాత్రి నిద్రకి మాత్రం క్రిబ్‌లోనే వెయ్యండి.

సరే, తిరిగొచ్చాం. బొంత సూట్‌కేసులో పెట్టుకొచ్చా, మాగాయి సీసా ఒకటి తీసేసి మరీ పెట్టా. మనకీ వాళ్ళకీ ఎండాకాలంలో పదిన్నర గంటల తేడా, మొదటి వారం బిడ్డ రాత్రి ఒంటిగంటకి లేచి ఇడ్లీ అడిగేది. ఈ వారంలోనే చాలామంది తప్పు చేస్తారు, జెట్ లాగ్‌లో లేచి ఇల్లంతా తిరుగుతుంటే భరించలేక మళ్ళీ క్రిబ్‌లో పెట్టేస్తారు, ఐదు వారాలు నేర్చుకున్నది గంగలో కలిసిపోద్ది. మేము పోయే ముందే క్రిబ్ విప్పేసి పరుపు నేల మీద వేసి పోయాం. క్రిబ్ పరుపే, కొత్తది కొనలా. దాని మీద కావలి బొంత. గోడకి ఆనించకుండా, పరుపుకీ గోడకీ మధ్య బిడ్డ ఇరుక్కోకుండా, రూము మధ్యలోకి జరిపి వేశాం. మొదటి పది రోజులు నేనే పక్కన కార్పెట్ మీద పడుకున్నా, అమ్మ లాగే. తర్వాత తలుపు దగ్గరికి, తర్వాత బయటికి. కొంతమంది ఇట్టా పక్కన పడుకుంటే అలవాటైపోద్ది, ఏడ్చినా సరే వదిలేయాలి అంటారు. నేను ఒప్పుకోను. పక్కన మనిషితో నిద్రపోయిన బిడ్డకి ఆ మనిషిని మెల్లగా దూరం జరపాలి గానీ ఒక్క రాత్రిలో మాయం చెయ్యకూడదు, పెద్దోడి విషయంలో మేము చేసింది అదే కదా.

బెడ్ కంటే రూము మీద ఎక్కువ పని చేశాం. క్రిబ్ పోయిందంటే ఇంక ఆ రూమే క్రిబ్. డ్రెస్సర్, బుక్ షెల్ఫ్ గోడకి స్ట్రాప్‌లతో బిగించాం, పిల్లలు సొరుగులు లాగి మెట్లలాగా ఎక్కుతారు, అది మీద పడుద్ది. కిటికీ బ్లైండ్స్ తాళ్ళు అందకుండా పైకి కట్టేశాం, మెడకి చుట్టుకునే ప్రమాదం ఉంది. మాది మేడ మీద రూము కాబట్టి మెట్ల దగ్గర గేటు. ఎత్తు మంచం మీద విడిగా తగిలించే బెడ్ రెయిల్స్ రెండేళ్ళ లోపు పిల్లలకి వాడకూడదు, పరుపుకీ రెయిల్‌కీ మధ్య ఇరుక్కుంటారు. నేల పరుపుకి ఆ బాధే లేదు.

అందరికీ ఏటా ఊరికి పోవడం కుదరదని నాకు తెలుసు, వీసా స్టాంపింగ్ భయాలు, టికెట్ రేట్లు, లీవులు. అట్టాంటప్పుడు అమ్మ ఈడికి వచ్చిన ఆర్నెల్లలోనే, మూడో నెలకో నాలుగో నెలకో, మార్చేయండి. కనీసం ఒక నెల రోజులు బిడ్డ కొత్త పడక మీద, అమ్మమ్మ అదే ఇంట్లో ఉండగా గడవాలి. చివరి రెండు వారాల్లో అమ్మమ్మ పక్క రూముకి మారాలి, బిడ్డకి ముందుగానే చెప్పి మారాలి. ఫ్లైట్ దగ్గరపడిపోయిందంటే వదిలేయండి, క్రిబ్ అట్టాగే ఉంచి అమ్మ ఊరికి పోయిన రెండు నెలలకి చూసుకోండి, బిడ్డ ఎక్కి దూకకపోతే. ఎక్కేస్తుంటే మాత్రం తప్పదు, ఆ రాత్రే పరుపు కిందకి దించి మీరు పక్కన పడుకోండి.

న్యూజెర్సీలో ఉండే మా చెల్లెలు డిసెంబర్‌లో బిడ్డని తీసుకుని కావలి పోతోంది, దాని కూతురికి అప్పటికి రెండేళ్ళ రెండు నెలలు. మొన్న ఆదివారం అమ్మ వీడియో కాల్‌లో బొంత కుడతా కనిపించింది, కళ్ళజోడు ముక్కు మీదకి జారిపోయి ఉంది. చీరలు చాలడం లేదంట, నీ పెళ్ళికి ముందు కట్టుకున్న పచ్చ కాటన్ చీర బీరువాలో ఉంది, కత్తిరించమంటావా అని అడిగింది. కత్తిరించమన్నా, జరీ అంచు మాత్రం మూలకి వచ్చేటట్టు కుట్టమని చెప్పా.