ఆవిష్కరణ సమీకరణంలో లోపించిన సంతకం

అమెరికా ఆర్థికవేత్త రాబర్ట్ సోలో 1957లో ఒక లెక్క తేల్చాడు. 1909 నుంచి 1949 దాకా ఆ దేశంలో గంట శ్రమకు వచ్చే ఉత్పత్తి రెట్టింపైంది. అందులో పెట్టుబడి పుణ్యాన వచ్చింది ఎనిమిదో వంతేనట. మిగిలిన ఏడు వంతులకూ ‘సాంకేతిక మార్పు’ అని పేరు పెట్టాడు. లెక్క తేలని సొమ్ముకు అంత మంచి పేరు పెట్టొచ్చని తెలియక మన ఇళ్లలో ‘చిల్లర ఖర్చులు’ అని రాసుకుంటున్నాం. ఆయనకేమో 1987లో నోబెల్ వచ్చింది.

1990లో మరో ఆర్థికవేత్త పాల్ రోమర్ వచ్చి, ఆ మార్పు ఆకాశం నుంచి ఊడిపడదు, పరిశోధనకు మనుషుల్ని పెడితే పుడుతుందన్నాడు. కంపెనీలకు ఈ మాట తెగ నచ్చింది. మనుషుల్ని పెట్టాయి. వాళ్లమీద మేనేజర్లను, మేనేజర్లమీద ఇన్నొవేషన్ కౌన్సిళ్లను పెట్టాయి.

ఈ ఇద్దరి మోడళ్లలో అనుమతి సంతకాలకు చోటే లేదు. ఆ లోటు నేను పూడుస్తున్నాను. ఆలోచన ఎంత గొప్పదైనా, దాన్ని వద్దనగల సంతకాల సంఖ్యతో భాగించాలి. అంతే నా సిద్ధాంతం.

రుజువు కొడాక్. 1975లో అక్కడి యువ ఇంజనీరు స్టీవెన్ సాసన్ ఫిల్ము అక్కర్లేని కెమెరా చేశాడు. బరువు మూడున్నర కిలోల పైమాటే. ఒక్క ఫొటో క్యాసెట్‌కెక్కడానికి 23 సెకన్లు. ఫిల్ము అమ్ముకుని బతికే సంస్థ అతణ్ని ఇంటికి పంపలేదు సరికదా, పేటెంటు కూడా తీసుకుంది. ఇంతకన్నా ఔదార్యం ఎక్కడుంది? 2012 జనవరిలో కొడాక్ దివాలా పిటిషన్ వేస్తే అందరూ ‘దూరదృష్టి లేదు’ అని తిట్టిపోశారు. అన్యాయం. ఆ కెమెరాకూ ఈ దివాలాకూ మధ్య ఎందరు మేనేజర్లు ఏటేటా ఫిల్ము టార్గెట్లు కొట్టి, బోనసులు పుచ్చుకుని, శాలువాలతో రిటైరైపోయి ఉంటారు! వాళ్లలో ఒక్కరి దృష్టికీ లోపం లేదు. ప్రతి ఒక్కరూ తన రిటైర్మెంటు దాకా స్పష్టంగా చూశారు.

నా సిద్ధాంతానికి కొరకరాని కొయ్య 3ఎం అనే అమెరికా కంపెనీ. అక్కడ స్పెన్సర్ సిల్వర్ 1968లో గట్టి జిగురు కోసం వెతికి, సరిగ్గా అతుక్కోని జిగురు కనిపెట్టాడు. మన అప్రైజల్‌లో అయితే ‘అంచనాలకు దిగువన’. వాళ్లు మాత్రం దాన్ని పారేయలేదు. 1980లో అది పోస్ట్-ఇట్ కాగితాలై దేశమంతా అమ్ముడుపోయింది.

ఇప్పుడు మన ఇన్నొవేషన్ వర్క్‌షాపుల్లో గోడల నిండా అంటించేది ఆ రంగు కాగితాలే. ఫొటోలు దిగాక, సాయంత్రం హౌస్‌కీపింగ్ వాళ్లొచ్చి పీకేస్తారు. గోడమీద మరక కూడా మిగలదు. జిగురు అంత గొప్పది.