రంగు మారినంత మాత్రాన తేలిపోదు

అనుమానం ఉన్న పొడి మీద రసాయనం చుక్క వేసి రంగు చూస్తే మత్తు పదార్థమేదో ఇంట్లోనే తెలిసిపోతుందని ఒక వ్యాసంలో రాశారు. అది సగం నిజమే. ఇలాంటి పరీక్షకు వాడే మార్క్విస్ ద్రావణంలో ఉండేవి ఫార్మాల్డిహైడ్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం. ఎక్స్‌టసీ అని పిలిచే మత్తు పదార్థం ఎండీఎంఏ తగిలితే అది ఊదారంగుకు తిరిగి వెంటనే నల్లబడుతుంది. ఆ నలుపు ఎంత చిక్కగా ఉంటుందంటే, అదే పొడిలో ఇంకేదైనా కలిపినా దాని లేత రంగు కంటికి ఆనదు. ఫెంటానిల్ అనే అతి శక్తివంతమైన మత్తు మందు అయితే రెండు మూడు మిల్లీగ్రాములే ప్రాణం తీయగలవు. అంత కొంచెం కలిస్తే ఈ చుక్కకు అందదు, దానికి వేరే పరీక్ష స్ట్రిప్పులున్నాయి. కొకైన్‌కు వాడే కోబాల్ట్ థయోసయనేట్ పరీక్షలో డైఫెన్‌హైడ్రమిన్ అనే అలెర్జీ మందు కూడా నీలంగా మారుతుంది! పిల్లల గదిలో పొడి దొరికిందని కంగారుపడే తల్లిదండ్రులు ఇది తప్పక తెలుసుకోవాలి, ఆ నీలం చూసి బిడ్డను దోషిగా నిలబెట్టకండి. కచ్చితంగా తేల్చేది ల్యాబులో అణువుల బరువును బట్టి పదార్థాన్ని గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీ లాంటి పరీక్షే. పైగా మార్క్విస్ ద్రావణం చర్మాన్ని కాల్చేస్తుంది, గ్లౌజులు, రక్షణ కళ్లద్దాలు లేకుండా సీసా మూత తీయొద్దు. మనిషి స్పృహలో లేకపోతే మాత్రం ఈ పరీక్షలతో కాలయాపన చేయకుండా ముందు అంబులెన్స్‌కు ఫోన్ చేయండి.