పట్టాల మీద షాట్

2014 ఫిబ్రవరి 20న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఓ సినిమా యూనిట్ అల్టమహా నది మీది రైలు వంతెనపై ఆస్పత్రి మంచం వేసి షూటింగ్ మొదలుపెట్టింది. పట్టాలెక్కడానికి రైల్వే కంపెనీ ఒప్పుకోలేదన్న సంగతి సిబ్బందిలో చాలామందికి తెలియదు. రైలొస్తే తప్పుకోవడానికి నిమిషం ఉంటుందన్నారు. ఆ నిమిషం దొరకలేదు. రైలు గుద్దిన మంచం ముక్కలు తగిలి కెమెరా అసిస్టెంట్ సారా జోన్స్ రైలు వైపు తూలిపోయారు. 27 ఏళ్లకే ప్రాణం పోయింది. మరుసటి ఏడాది దర్శకుడు నేరం ఒప్పుకొని జైలుకెళ్లాడు.

వాళ్లు అనుభవజ్ఞులు. మన కాలేజీ కుర్రాళ్లు షార్ట్ ఫిల్మ్ తీయడానికి ఫోను, దాన్ని కుదుపుల్లేకుండా పట్టే గింబల్, అద్దె లైటుతో బయల్దేరుతున్నారు. విజయవాడ-గూడూరు మార్గంలో రైళ్లు గంటకు 130 కిలోమీటర్ల వేగం దాకా అందుకుంటాయి. అంటే సెకనుకు 36 మీటర్లు. ‘వన్ మోర్’ అని క్లాప్ కొట్టేలోపు మీదికొచ్చేస్తుంది. అనుమతి లేకుండా పట్టాలెక్కితే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. ఇవేవీ తెలియక కాదు ఎక్కుతున్నది.

అసలు చిక్కు స్నేహం. దర్శకుడు రూమ్మేట్, హీరో బెంచ్‌మేట్. అవతల పొద్దు వాలిపోతోంది, లైటు అద్దె ఈ పూటతో సరి. అప్పుడు ‘వద్దురా’ అన్నవాడు సెమిస్టరంతా పిరికివాడనిపించుకోవాలి. పెద్ద సెట్లలో అడ్డుపడటానికి ఫైట్ మాస్టరో, యూనియనో ఉంటుంది. (ఉన్నా ఒక్కోసారి ఫలితం ఉండదు. 2016లో బెంగళూరు దగ్గర తిప్పగొండనహళ్లి జలాశయంలోకి హెలికాప్టర్ నుంచి దూకిన ఇద్దరు నటులు లైఫ్ జాకెట్లు లేక మునిగిపోయారు.) విద్యార్థి యూనిట్‌లో ఆ మాత్రం దిక్కూ లేదు.

అందుకే దర్శకుడు, హీరో, కెమెరామన్ కాని ఒకరికి ‘ఆపండి’ అనే అధికారం ముందే ఇవ్వాలి. ఆ మాట వినబడితే ఎందుకని అడక్కుండా కెమెరా దించాలి. బస్టాండులో బొమ్మ తుపాకీ తీసే సీనుంటే ముందుగా పోలీస్ స్టేషన్‌లో చెప్పి రావాల్సిందీ ఆ మనిషే. బస్సు కోసం నిల్చున్న పెద్దావిడకు అది బొమ్మని ఎలా తెలుస్తుంది?

కాలేజీల వాటా ఇంకా పెద్దది. షార్ట్ ఫిల్మ్‌ను ప్రాజెక్టుగా తీసుకునే అధ్యాపకులు స్క్రిప్టు చూస్తారు, ఎడిటింగ్ చూస్తారు. లొకేషన్ అనుమతి పత్రం అడిగేవారు తక్కువ. పట్టాల మీది షాట్ తెరపై ఎంత అందంగా ఉన్నా, కాగితం లేకపోతే దానికి సున్నా వేయాలి. ఆ సంగతి షూటింగ్‌కు ముందే నోటీసు బోర్డులో పెట్టాలి.