సొమ్మొకరిది, సోకు ‘గో’ది

కొత్తగా ఇంగ్లీష్ నేర్చుకుంటున్న పిల్లల్ని ‘గో’కి భూతకాలం అడిగితే చాలామంది ‘గోడ్’ అంటారు. వాక్ వాక్డ్ అయినప్పుడు గో గోడ్ ఎందుకు కాకూడదు? వాళ్ల లెక్కలో తప్పు లేదు. స్కాట్‌లాండ్ జనం తమ యాసలో గోకి సాటి మాటైన ‘గే’ని అచ్చం అలాగే ‘గేడ్’ అనుకున్నారు.

అసలు ‘వెంట్’ గో సొంతం కాదు. మళ్లడం, తిరగడం అనే అర్థమున్న ‘వెండ్’ అనే క్రియది. సెండ్ సెంట్ అయినట్టే వెండ్ వెంట్ అయింది. గోకి పాత ఇంగ్లీష్‌లో ‘ఏఓడె’ అనే రూపం ఉండేది. పోలికే లేదు కదా, అదీ వేరే ధాతువుదే! అది మరుగున పడుతున్నకొద్దీ వెంట్ ఆ చోటులోకి వచ్చింది. 15వ శతాబ్దం తర్వాత ఇక దానిదే రాజ్యం. ఉన్న భూతకాలం కాస్తా పోగొట్టుకున్న వెండ్‌కి ‘వెండెడ్’ అని కొత్తది కట్టాల్సి వచ్చింది.

మనకీ ఇది వింత కాదు. ‘ఉన్నాడు’కి ఎదురుమాట ‘లేడు’. ధాతువే వేరు. అయినా ఎవరూ తడబడరు, రోజూ నోట్లో నానే మాట కాబట్టి.

కిటుకంతా ఆ నానడంలోనే ఉంది. 2007లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం పాత ఇంగ్లీష్‌లోని 177 అపక్రమ క్రియల్ని, అంటే భూతకాలంలో ‘-ఎడ్’ చేర్చే మామూలు పద్ధతికి లొంగనివాటిని, పరిశీలించింది. వాటిలో ఇప్పటికీ దారికి రానివి 98. తక్కువగా వాడేవే ముందు లొంగిపోయాయి. ‘హెల్ప్’కి ఒకప్పుడు ‘హోల్ప్’ ఉండేది, ఇప్పుడు హెల్ప్డ్. గో, బీ లాంటివి మాత్రం చెక్కుచెదరలేదు. బడిలో ఈ క్రియల్ని అక్షరక్రమంలో బట్టీ పట్టించడం నాకు నచ్చనిది అందుకే. ఎక్కువ వాడేవి ముందు వినిపిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

గో చేసే ఇంకో పని భవిష్యత్తు చెప్పడం. ‘ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్’ అంటాం, వాన ఎక్కడికీ నడిచి వెళ్లదు. ఏదో చేయడానికి బయల్దేరడం మెల్లగా చేయాలనుకోవడమైంది, చివరికి జరగబోవడమైంది. ‘వాన పడబోతోంది’లో దాక్కున్నదీ మన ‘పోవు’ క్రియే. ఇంగ్లీష్‌లో మాట అరిగి ‘గొన్న’ అయ్యాక వెళ్లే అర్థం పూర్తిగా ఊడిపోయింది. ‘ఐయామ్ గొన్న ఈట్’ అనొచ్చు గానీ, గొన్న పక్కన ఊరి పేరు పెడితే వాక్యం నిలబడదు.