చట్టానికి అర్థం చెప్పాల్సింది కోర్టే
షెవ్రాన్ సూత్రాన్ని అమెరికా సుప్రీంకోర్టు కొట్టేయడంతో ప్రభుత్వ సంస్థల్లోని నిపుణుల అధికారం జడ్జీల చేతికి పోయిందని ఒక వ్యాసకర్త బాధపడ్డారు. నేను ఒప్పుకోను. ఆ సూత్రం ప్రకారం 1984 నుంచి నడిచిన పద్ధతి ఏమిటి? చట్టం స్పష్టంగా లేనిచోట ప్రభుత్వ సంస్థ చెప్పిన అర్థం సబబుగా కనిపిస్తే చాలు, కోర్టు తలూపాలి. కేసులో ఒక పక్షం మాటే తీర్పు అన్నమాట! 2024 జూన్ 28న 6-3 మెజారిటీతో దీన్ని పక్కన పెట్టిన కేసు ఎవరిదో వ్యాసంలో చెప్పనే లేదు. అందులో న్యూజెర్సీలో హెర్రింగ్ చేపలు పట్టే జాలర్లున్నారు. చిన్న పడవలో ప్రభుత్వ నిబంధన ప్రకారం వేటను గమనించే పరిశీలకుణ్ణి ఎక్కించుకోవడమే కాక, అతని ఖర్చు రోజుకు 710 డాలర్ల దాకా వాళ్ళే భరించాలన్నారు. హెర్రింగ్ పడవల వాళ్ళు అలా కట్టాలని చేపల వేట మీద 1976లో చేసిన చట్టంలో ఎక్కడుంది? వీసాల మీద బతికే మనవాళ్ళకు ఇది కొత్త కాదు. చట్టంలో అక్షరం మారలేదు, ప్రభుత్వం మారేసరికి మా వీసా పొడిగింపుకు అంతకుముందు సరిపోయిన కాగితాలే చాలకుండా పోయాయి. నెలల తరబడి నిద్రల్లేవు. నిపుణులు వద్దని ఎవరూ అనడం లేదు, వాళ్ళ అనుభవాన్ని లెక్కలోకి తీసుకోవచ్చని ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ రాసిన ఈ తీర్పులోనే ఉంది. కొత్త భారం వేయాలంటే మాత్రం అమెరికా కాంగ్రెస్ ఓటేసి వేయాలి. ఇంకో సంగతి, 1984లో షెవ్రాన్ తీర్పుతో గెలిచింది కన్జర్వేటివ్ అయిన రేగన్ ప్రభుత్వమే. తమకు పనికొచ్చిన సూత్రాన్నే కన్జర్వేటివ్‌లు వదులుకున్నారని కూడా రాసుంటే బాగుండేది.