తరుగు తీయని కాటా ముందు నన్ను నిలబెట్టిన కెమెరా సంచీ గారికి

మహారాజశ్రీ కెమెరా సంచీ గారికి,

నెల్లూరు నుంచి తమ మాజీ యజమాని నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నా నడుము తప్ప అందరమూ క్షేమం. అటక మీద తమరు కూడా క్షేమంగా ఉన్నారని, రెండు బల్లి గుడ్లు మినహా వేరే బరువేదీ మోయడం లేదని తలుస్తాను.

నెల్లూరువాడికి నీటి అడుగున ఫొటోలు తీసే పిచ్చి ఎందుకు పట్టిందని అడిగేవారికి నేను చెప్పే జవాబు తమరు చాలాసార్లు విన్నారు. మైపాడు సముద్రంలో మోకాలి లోతున నిలబడితే నా పాదాలు నాకే కనబడవు కనుక, పగడపు దిబ్బలను చూడాలంటే చెన్నై వెళ్లి, అక్కడ అండమాన్ విమానం ఎక్కవలసిందే. విమానంలో వెంట ఉంచుకోవడానికే పుట్టానని తమరు చాటుకుంటే నమ్మి కొన్నాను. కొలతల విషయంలో తమరు అబద్ధమాడలేదు. 55 సెంటీమీటర్ల ఎత్తు, 35 వెడల్పు, 25 మందం అన్న హద్దులో బుద్ధిగా ఒదిగారు. తమ సొంత బరువు మాత్రం ఎక్కడా పైకి చెప్పలేదు. పెళ్లిచూపుల్లో వయసు దాచినట్టు, అది చీటీ వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంది.

ఆ గుట్టు రట్టయింది మా మామ రొయ్యల గుంట దగ్గర. పట్టుబడి నాడు ట్రేలు తూచే కాటా ఖాళీగా కనబడితే, సరదాకి తమరిని దాని మీద కూర్చోబెట్టాను. లోపల ఏమీ లేకుండానే 2 కిలోల 700 గ్రాములు చూపించింది. మామ కళ్లజోడు సవరించుకుని, "ఏంది అబ్బయ్యా, ఉత్త సంచే ఇంత తూగితే ఇంక సరుకేం పోస్తావు?" అన్నాడు. తర్వాత ఊరడింపుగా, "పోనీలే, తరుగు తీస్తారు గదా," అన్నాడు. రొయ్యలు కొనేవాడు ట్రే బరువు తీసేసి లెక్క కట్టడం ఆయన ఎరిగిన న్యాయం. దేశీయ విమానాల్లో వెంట తీసుకుపోయే సంచీకి సాధారణంగా ఇచ్చే 7 కిలోల్లో సంచీ బరువు కూడా కలిసే ఉంటుందని, అక్కడ తరుగు అనే మాటే లేదని ఆయనకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ రాత్రి ఇంట్లో లెక్క వేశాను. కెమెరాను నీళ్ల నుంచి కాపాడే అల్యూమినియం హౌసింగ్ 2 కిలోల 400 గ్రాములు, లెన్సుతో కలిపి కెమెరా 1 కిలో, లెన్సు ముందు బిగించే గుండ్రటి అద్దం, అంటే డోమ్ పోర్టు 600 గ్రాములు, నీటి అడుగున వెలిగే ఫ్లాష్ దీపాలైన స్ట్రోబులు రెండూ కలిపి 1 కిలో 200, బ్యాటరీలూ చార్జర్లూ 400: మొత్తం 5 కిలోల 600 గ్రాములు. స్ట్రోబులు బిగించే చేతులను, క్లాంపులను, కాళ్లకు తొడిగే ఫిన్‌లను డైవింగ్ సూటులో చుట్టి చెక్-ఇన్ పెట్టెలో పడేశాను. విడి లిథియం బ్యాటరీలు మాత్రం ఆ పెట్టెలో పెట్టకూడదు. పొగ వస్తే మనుషుల కళ్లెదుట రావాలన్నది ఆ నియమంలోని ఆంతర్యం. డైవింగ్ టార్చీకైతే విమానసంస్థ అనుమతి అడగాలి, వెలగకుండా బ్యాటరీ విడదీయాలి. ఈ సరంజామాకు తమ ఘనమైన దేహం కలిపితే 8 కిలోల 300 అయింది.

బరువు ఒక్కటే అయితే ఓర్చుకునేవాడిని. తమ లోపలి గదులన్నీ లెన్సులు నిలబెట్టే గూళ్లు. రెండు పక్కలా పిడులున్న హౌసింగ్ వాటిలో పట్టాలంటే అడ్డుగోడలన్నీ పీకేయాలి, పీకేస్తే ల్యాప్‌టాప్ అర అడ్డం వచ్చి డోమ్ దగ్గర జిప్పు పడదు. పైగా తమరికొక వాన తొడుగు! పద్దెనిమిది మీటర్ల లోతున ఉప్పునీటిలో మునిగి తేలే సామానుకు తమరు గొడుగు పడతారా? మునిగే సామానుకు ఏమీ కాలేదు గానీ, రెండు పడవ ప్రయాణాలకే చిలుం పట్టి బిగుసుకుపోయింది తమ లోహపు జిప్పు.

జాగా చాలక కెమెరాను హౌసింగ్‌లోనే పెట్టి బిగించేద్దామని కూడా ఒకసారి అనుకున్నాను. ఎగిరే విమానంలో గాలి ఒత్తిడి దాదాపు 8,000 అడుగుల కొండ మీద ఉన్నంతకు, అంటే ఊటీలో కన్నా తక్కువకు దిగవచ్చు. నేల మీద మూసిన హౌసింగ్‌లోని గాలి అప్పుడు బయటికి తోస్తుంది. నీరు బయటి నుంచి లోపలికి నొక్కుతుందన్న లెక్కతో కట్టిన డబ్బా అది; ఎదురు తోపుకు పోర్టూ సీళ్లూ కదలవచ్చు. అందుకే మూత సందులో నీరు చొరకుండా ఆపే రబ్బరు వలయం, ఓ-రింగు తీసి విడిగా దాచి, మూత వదులుగా ఉంచుతాను. ఆ వదులుకు కూడా తమలో చోటు లేదు.

ఇక కౌంటరు దగ్గర జరిగిన అవమానం. అక్కడి అమ్మాయి తన పని తాను చేసింది, ఆమె మీద నాకేమీ లేదు. "1 కిలో 300 ఎక్కువ సార్," అంది. "తరుగు తీయరా అమ్మా?" అని అలవాటుగా నోరు జారాను. ఆమె మర్యాదగా నవ్వింది. పక్కకు వెళ్లి, జేబుకొక స్ట్రోబు, చొక్కా లోపల చార్జరు దోపుకుని, గుడ్ల బుట్ట మోసేవాడిలా నడిచొచ్చి మళ్లీ తూయించాను. సరిపోయింది! నాలుగడుగులు దాటాక అవన్నీ తీసి తమలోనే సర్దాను. ఎక్కిన బరువు అదే, ఎక్కిన మనిషీ అతనే.

ఇప్పుడు ట్రంకు రోడ్డులో కొన్న కాలేజీ సంచీ వాడుతున్నాను. పరుపుల దుకాణంలో అడిగి తెచ్చిన స్పాంజి ముక్కలతో కలిపి 800 గ్రాములు. ప్లాస్టిక్ జిప్పు, ఒకటే పెద్ద అర. హౌసింగ్ తువ్వాలు చుట్టుకుని హాయిగా కూర్చుంటుంది. చూసినవాడెవడూ లోపల ఖరీదైన సామానుందని అనుకోడు. మొత్తం 6 కిలోల 400 అయితే, మిగిలిన 600 గ్రాములకు అమ్మ మలై కాజా సర్దింది.

చివరిగా ఒక మనవి. తమకున్న పద్నాలుగు జేబుల్లో ఏదో ఒకదానిలో ఓ-రింగుకు రాసే సిలికాన్ గ్రీజు ట్యూబు ఉండిపోయింది. నిన్న పదకొండు జేబులు వెదికాను. మిగతా మూడూ ఎక్కడున్నాయో నాకే తెలియడం లేదు. శనివారం పినాకిని రైలుకు బయలుదేరాలి. శుక్రవారం లోగా దయచేసి బయటపెట్టగలరు.

ఇట్లు,
తమ మాజీ యజమాని,
నెల్లూరు