పొడుగు పిల్లలు టీమ్ మారితే మీకెందుకండీ అంత మంట

మొన్న శనివారం టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఫ్రెండ్ వాళ్ళింట్లో పాట్‌లక్. టీవీలో అమ్మాయిల కాలేజీ బాస్కెట్‌బాల్ పాత మ్యాచ్ ఏదో వస్తుంటే మా ఆయన ఫ్రెండ్ ఒక అన్నయ్యగారు బిర్యానీలో రైతా కలుపుకుంటూ తీర్పు ఇచ్చేశారు, "ఈ ఆరున్నర అడుగుల పిల్లలున్నారే, వీళ్ళకి విశ్వాసం లేదమ్మా, ఏడాదికో కాలేజీ, ఎవడు నాలుగు డాలర్లు ఎక్కువిస్తే అటు గెంతడమే" అని. ఈ మాట అన్న మనిషి నాకు తెలిసి ఆరేళ్ళలో నాలుగు కంపెనీలు మారారు, మారిన ప్రతిసారీ పార్టీ ఇచ్చారు, మేం వెళ్ళి తిన్నాం కూడా. పదిమందిలో ఏమీ అనలేక ఊరుకున్నా కానీ ఇంటికొచ్చాక కూడా అరగలేదు, బిర్యానీ కాదు, ఆ మాట. అందుకే రాస్తున్నా, పెద్ద పోస్టే, ఓపికున్నవాళ్ళు చదవండి.

నా హైటు 5 అడుగుల 10 అంగుళాలు. నరసరావుపేటలో ఆ హైటుతో పెరిగిన ఆడపిల్లకి ఎన్ని పేర్లుంటాయో మీకు తెలుసు, తాడిచెట్టు, కరెంటు స్తంభం, పైనుంచి గాలి ఎలా ఉందని అడగడం, గ్రూప్ ఫోటోలో జీవితాంతం వెనక వరస. పెళ్ళిచూపులప్పుడు మధ్యవర్తి మా అమ్మతో చాటుగా, అమ్మాయిని కూచోబెట్టే ఉంచండి, లేవనివ్వకండి అన్నాడు. మా స్కూల్లో నన్ను చూసి సంతోషపడిన మనిషి ఒక్క పీఈటీ సారే, వాలీబాల్ జోనల్స్‌కి తీసుకెళ్ళి నెట్ దగ్గర నిలబెట్టేవారు. ఇప్పుడు మా అమ్మాయి ఎనిమిదో క్లాసు, నా చెవిదాకా వచ్చేసింది, ఇంకా ఆగేలా లేదు. దాని కోసం ఈ ఆట చూడ్డం మొదలుపెట్టి, ఇప్పుడు ఏప్రిల్ వచ్చిందంటే ఎవరు ఏ కాలేజీకి మారుతున్నారో ఫోన్లో చూసుకుంటూ పప్పు మాడబెట్టే స్థితికి వచ్చాను.

సరే అసలు విషయం. పొడుగు వాళ్ళే ఎందుకు ఎక్కువ మారినట్టు కనిపిస్తారు? లెక్క చూడండి. కోర్టులో ఐదుగురు. ఐదున్నర, ఆరడుగుల పిల్లలైతే మూడు చోట్ల ఎక్కడో ఒకచోట సర్దుకోవచ్చు, బాల్ తెచ్చే పని కాకపోతే బయటనుంచి షూట్ చేసే పని. రింగు కింద ఆడే సెంటర్‌కి ఉండేది ఒక్క చోటు, మహా అయితే ఇద్దరు. మ్యాచ్ మొత్తం 40 నిమిషాలు. టీమ్‌లో ఆరున్నర అడుగుల వాళ్ళు ముగ్గురున్నారనుకోండి, మొదటామె 30 నిమిషాలు ఆడితే మిగతా పది ఇద్దరూ పంచుకోవాలి, లేదంటే తువ్వాలు ఊపుతూ బెంచి మీద చప్పట్లు కొట్టాలి. పైగా అమెరికాలో ఆడవాళ్ళ సగటు ఎత్తే 5 అడుగుల 4 అంగుళాల దగ్గర ఉంటుంది, 6 అడుగుల 5 అంగుళాలుండి పరిగెత్తగలిగి, బాల్ జారకుండా పట్టుకోగలిగిన అమ్మాయిలు దేశం మొత్తమ్మీద ఎంతమంది ఉంటారు? ఒకళ్ళు పోర్టల్‌లో, అంటే కాలేజీ మారాలనుకునే ప్లేయర్ల లిస్టులో, పేరు పెట్టారంటే ఫోన్లు మోగకుండా ఎలా ఉంటాయి?

ఇంకోటి, ఇది పొడుగు పిల్లని పెంచే తల్లిగా చెప్తున్నా. ఎత్తు ఒక్కసారిగా వచ్చేస్తుంది, కాళ్ళు చేతులు మన మాట వినడానికి మాత్రం ఏళ్ళు పడుతుంది. మాది నిరుడు ఎండాకాలంలో రెండు సైజుల బూట్లు మార్చింది, ఇప్పటికీ మెట్లెక్కుతూ తడబడుతుంది. కాలేజీ సెంటర్లదీ అదే కథ. ఫస్టియర్లో వచ్చిన పిల్ల నాలుగు నిమిషాల్లో రెండు ఫౌల్స్ చేసి కూచుంటుంది, ఐదైతే బయటికే. అందుకని కోచ్‌లు సీనియర్ సెంటర్‌నే నమ్ముతారు. తప్పు కోచ్‌దీ కాదు, పిల్లదీ కాదు. కానీ ఆడితే కదా నేర్చుకునేది.

లారెన్ బెట్స్‌ని తీసుకోండి. 6 అడుగుల 7 అంగుళాలు, 2022లో హైస్కూల్ నుంచి వచ్చిన బ్యాచ్‌లో దేశంలోనే నంబర్ వన్ అన్నారు, స్టాన్‌ఫర్డ్‌లో చేరింది. అక్కడ అప్పటికే క్యామరాన్ బ్రింక్ ఉంది, ఇంకా క్యూలో వేరే పొడుగువాళ్ళూ ఉన్నారు. ఆ ఏడాది బెట్స్ ఆడింది సగటున మ్యాచ్‌కి పది నిమిషాల లోపే. 2023లో యూసీఎల్‌ఏకి మారింది. రెండేళ్ళకి, అంటే 2025లో, యూసీఎల్‌ఏ ఆడపిల్లల టీమ్ ఫైనల్ ఫోర్‌కి, అంటే సెమీఫైనల్స్‌కి వెళ్ళింది, కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ అమ్మాయిలకి టోర్నమెంట్ పెట్టడం మొదలుపెట్టాక ఇదే మొదటిసారి, ఆమె సగటు మ్యాచ్‌కి ఇరవై పాయింట్లు. అక్కడ యూకాన్ చేతిలో 85-51తో చిత్తయ్యారు, ఆ మ్యాచ్ గురించి నేను మాట్లాడదలచుకోలేదు. మధ్యలో మానసికంగా కుంగిపోయి కొన్ని మ్యాచ్‌లు ఆడలేదని, ఎత్తు మీద చిన్నప్పటినుంచీ పడ్డ మాటల గురించీ తనే బయటికి చెప్పుకుంది. అది చదివిన రోజు నాకు పెళ్ళిచూపుల మధ్యవర్తి గుర్తొచ్చాడు. ఆ అమ్మాయి స్టాన్‌ఫర్డ్‌లోనే ఇంకో ఏడాది బెంచి మీద కూచుంటే విశ్వాసం అనేవాళ్ళా, పాపం అనేవాళ్ళా?

మరి అందరూ నిమిషాల కోసమే మారతారా అంటే అదీ కాదు, ఇక్కడే అన్నయ్యగారి థియరీ పూర్తిగా పడిపోతుంది. కమీలా కార్డోసో, బ్రెజిల్ అమ్మాయి, ఈమే 6 అడుగుల 7 అంగుళాలు. సిరక్యూస్‌లో ఫస్టియర్లోనే స్టార్, ఏసీసీ కాన్ఫరెన్స్‌లో (కాన్ఫరెన్స్ అంటే కొన్ని కాలేజీల లీగ్ అన్నమాట) ఆ ఏటి బెస్ట్ ఫ్రెష్‌మన్. 2021లో అక్కణ్ణుంచి ఎక్కడికెళ్ళింది? సౌత్ కరోలినాకి, అలియా బోస్టన్ ఉన్న టీమ్‌కి! చేతిలో ఉన్న స్టార్టింగ్ చోటు వదులుకుని దేశంలోనే బెస్ట్ సెంటర్ వెనక రెండేళ్ళు బెంచి నుంచి వచ్చి ఆడింది. రోజూ ప్రాక్టీస్‌లో బోస్టన్‌తో ఢీకొట్టడమంటే అదే పెద్ద బడి మరి. 2024లో ఆ టీమ్ 38-0, ఒక్క మ్యాచ్ ఓడలేదు, ఫైనల్లో అయోవా మీద కార్డోసో 15 పాయింట్లు 17 రీబౌండ్లు, టోర్నమెంట్ బెస్ట్ ప్లేయర్. దానికి నెల ముందే కాన్ఫరెన్స్ సెమీస్‌లో టెనెసీ మీద టైమ్ అయిపోతుండగా త్రీ పాయింటర్ కొట్టి గెలిపించింది, కాలేజీలో అప్పటిదాకా ఆమె ఒక్క త్రీ కూడా వేయలేదు, మొదటిదే అది! నేను సోఫా మీంచి లేచి అరిస్తే మా ఆయన కాల్‌లో ఉండి మ్యూట్ చేసుకున్నారు.

పాత రోజులే బాగున్నాయి అనేవాళ్ళకి సెడోనా ప్రిన్స్ సంగతి చెప్పాలి. మళ్ళీ 6 అడుగుల 7 అంగుళాలే, ఇదేంటో అందరూ అంతే ఉన్నారు. టెక్సస్ యూనివర్సిటీకి ఒక్క మ్యాచ్ ఆడకముందే అమెరికా జూనియర్ టీమ్‌కి ఆడుతూ కాలు విరగ్గొట్టుకుంది, ఒక ఏడాది పోయింది. ఆరెగన్‌కి మారితే, అప్పటి రూల్ ప్రకారం మారినవాళ్ళు ఒక ఏడాది ఆడకుండా కూచోవాలి, మినహాయింపు అడిగితే ఎన్‌సీఏఏ కుదరదంది, ఇంకో ఏడాది పోయింది. 2021 టోర్నమెంట్లలో అబ్బాయిలకి పెద్ద జిమ్ ఇచ్చి శాన్ ఆంటోనియోలో అమ్మాయిలకి చిన్న డంబెల్స్ స్టాండ్ ఒకటి పెట్టారని వీడియో తీసి లోకానికి చూపించింది ఈమే. కాలేజీలు ప్లేయర్లకి నేరుగా డబ్బులివ్వొచ్చని తేల్చిన హౌస్ కేసులో పేరున్న పిటిషనర్లలో కూడా ఈమె ఉంది. ఆ ఏడాది కూచోవాలనే రూల్ 2021లో ఒకసారి మారేవాళ్ళకి తీసేశారు, 2024లో చదువులో సరిగ్గా ఉంటే ఎన్నిసార్లైనా మారొచ్చన్నారు.

ఆమె చివరికి మా పక్కనే ఫోర్ట్ వర్త్‌లో టీసీయూకి, అంటే టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీకి వచ్చింది. ఈ టీసీయూ కథ వినండి, 2024 జనవరిలో గాయాలవల్ల ఆడేందుకు మనుషుల్లేక రెండు మ్యాచ్‌లు వదులుకుని, క్యాంపస్‌లో ఎవరైనా వచ్చి ఆడతారా అని ట్రయౌట్స్ పెట్టారు, నిజంగా. ఏడాది తిరిగేసరికి పోర్టల్ నుంచి వచ్చినవాళ్ళతో బిగ్ 12 కాన్ఫరెన్స్ గెలిచి ఎలైట్ ఎయిట్, అంటే ఆఖరి ఎనిమిది టీమ్‌ల దాకా వెళ్ళారు. ఆ సీజన్లో మా అమ్మాయిని తీసుకెళ్ళా. వార్మప్‌లో ప్రిన్స్ మా ముందునుంచి వెళ్తుంటే మాది ఇంగ్లీషులో గొణిగింది, తెలుగులో చెప్పాలంటే "అమ్మా ఆమె నీకన్నా పొడుగు" అని, ఏదో ప్రపంచంలో నేనే ఆఖరి మెట్టు అన్నట్టు.

విశ్వాసం అంటారా, కోచ్‌ల గురించి ఆ మాట ఎప్పుడైనా విన్నారా మీరు? ఎలిజబెత్ కిట్లీ, 6 అడుగుల 6 అంగుళాలు, వర్జీనియా టెక్‌లో ఐదేళ్ళు ఉంది, ఎక్కడికీ కదల్లేదు, మూడుసార్లు ఏసీసీ బెస్ట్ ప్లేయర్, 2023లో కాలేజీని మొదటిసారి ఫైనల్ ఫోర్‌కి తీసుకెళ్ళింది. 2024 మార్చిలో మోకాలు పోయి ఆఖరి టోర్నమెంట్ ఆడలేకపోయింది. ఆమె లేని టీమ్ రెండో రౌండ్‌లో ఓడింది, ఆ వారంలోనే కోచ్ కెంటకీకి వెళ్ళిపోయాడు. తప్పని నేననను, మంచి ఆఫర్ వచ్చింది వెళ్ళాడు. కానీ ఆయనది కెరీర్ అంట, పిల్లలదైతే గెంతులంట. ఇదేం న్యాయమో.

ఇప్పటిదాకా చదివి నేను పోర్టల్‌కి హారతి పడుతున్నాననుకోకండి. నాకూ కడుపు మండే చోటు ఒకటుంది, అది ఆరెగన్ స్టేట్. 2024లో ఎలైట్ ఎయిట్‌కి వెళ్ళిన టీమ్ అది, 6 అడుగుల 4 అంగుళాల రేగన్ బీర్స్ మధ్యలో కొండలా నిలబడేది. అంతలో టీవీ డబ్బుల గొడవలో పాక్-12 కాన్ఫరెన్స్ ముక్కలైంది, పది కాలేజీలు తలో దిక్కు పోయి ఆరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ రెండే మిగిలాయి. బీర్స్ ఓక్లహోమాకి, టిమియా గార్డినర్ యూసీఎల్‌ఏకి, టాలియా వాన్ ఓల్‌హోఫెన్ యూఎస్‌సీకి, ఇంకా కొందరు ఎటో. మునిగే పడవలో కూచోమని పిల్లలకి చెప్పలేం. కానీ బీర్స్‌కి రింగు కింద కాలు ఎలా తిప్పాలో, ఇద్దరు మీద పడితే బాల్ ఎటు విసరాలో నేర్పిన కోచ్‌లకి ఏం మిగిలింది? వట్టి చేతులు.

ఇది మనకి తెలియని కథా చెప్పండి. ఊళ్ళో చిన్న స్కూల్లో లెక్కల మాస్టారు ఆరో క్లాసు నుంచి రుద్ది రుద్ది ఒక పిల్లాణ్ణి తయారుచేస్తాడు, టెన్త్‌లో మార్కులు రాగానే కార్పొరేట్ కాలేజీ వాళ్ళు ఇంటికొచ్చి ఫ్రీ సీటు, ఏసీ హాస్టల్ అని ఎత్తుకుపోతారు, రెండేళ్ళకి టీవీలో ఒకటి, ఒకటి, రెండు, మూడు అని ర్యాంకులు అరుస్తూ వాడి ఫోటో. మాస్టారు ఆ టీవీ ముందు కూచుని మావాడే అని పక్కింటివాళ్ళకి చెప్పుకుంటాడు. పిల్లాడు వెళ్ళడం తప్పు కాదు. మాస్టారికి ఏమీ రాకపోవడం తప్పు.

అందుకే నేనంటాను, పిల్లల్ని ఆపకండి, నేర్పినవాళ్ళకి వాటా ఇవ్వండి. ఫుట్‌బాల్లో ఇది ఎప్పటినుంచో ఉంది, ఆటగాణ్ణి ఒక క్లబ్ ఇంకో క్లబ్‌కి అమ్మితే ఆ డబ్బులో 5 శాతం వాడికి 12 నుంచి 23 ఏళ్ళ మధ్య ఆట నేర్పిన క్లబ్బులకి పంచాలి, ఫిఫా రూలే అది. ఇక్కడ కోచ్ కాంట్రాక్టు మధ్యలో వెళ్ళినా పాత కాలేజీకి బైఔట్ డబ్బు కడతారు, ఎవరూ నోరెత్తరు. మరి ప్లేయర్ వెళ్తే ఎందుకు ఉండకూడదు? అమ్మాయి చేతికొచ్చే దాంట్లో కోత పెట్టమనడం లేదు, అది ముట్టుకోవద్దు, ఆ డబ్బు ఇప్పటికే తక్కువ, హౌస్ సెటిల్‌మెంట్‌లో ఒక్కో కాలేజీ ఏడాదికి రెండు కోట్ల డాలర్ల పైచిలుకు ఇవ్వొచ్చన్నా ఎక్కువ భాగం అమెరికన్ ఫుట్‌బాల్ అబ్బాయిలకీ బాస్కెట్‌బాల్ అబ్బాయిలకే పోతుంది. టోర్నమెంట్ డబ్బులోంచి ఇవ్వండి. అబ్బాయిల టోర్నమెంట్‌లో గెలిచే కొద్దీ కాన్ఫరెన్సులకి వాటా డబ్బు 1991 నుంచి ఇస్తున్నారు, అమ్మాయిలకి మొదలైంది 2025లో! అంటే మేరీల్యాండ్ నుంచి వచ్చిన ఏంజెల్ రీస్ 2023లో ఎల్‌ఎస్‌యూని చాంపియన్ చేసినప్పుడు ఆ లెక్కన వచ్చింది సున్నా. ఇప్పుడు ఏదో వస్తోంది కదా, బయటనుంచి వచ్చిన ప్లేయర్‌తో గెలిచిన కాలేజీ అందులో ఒక ముక్క పాత కాలేజీకి పంపితే ఎవరి కొంపా మునగదు.

నా భయం నిజానికి వేరే దగ్గరుంది, టిపికల్ తెలుగు అమ్మ భయం, డిగ్రీ. జనాయా బార్కర్, 6 అడుగుల 4 అంగుళాలు, టెక్సస్ ఏ అండ్ ఎమ్‌, తర్వాత యూసీఎల్‌ఏ, తర్వాత టెనెసీ. ఆటకి ఏ చోటు మంచిదో ఆమెకే తెలుసు, నేను ఆ అమ్మాయిని అనడం లేదు. కానీ మారిన ప్రతిచోటా క్రెడిట్స్ అన్నీ ఒప్పుకోరు, మూడో ఏడాది మొదలయ్యేసరికి డిగ్రీలో 40 శాతం, నాలుగో ఏడాదికి 60, ఐదో ఏడాదికి 80 అయ్యుండాలని ఎన్‌సీఏఏ లెక్క, అది నిలబెట్టుకోవడానికి నచ్చిన మేజర్ కాకుండా దొరికిన మేజర్ చదివే పిల్లలెందరో. ఏటా వెయ్యిమందికి పైనే అమ్మాయిలు పోర్టల్‌లో పేరిస్తారు, పేర్లు మనకి తెలిసేది పదిమందివే. మిగతావాళ్ళలో ఫోన్ మోగనివాళ్ళూ ఉంటారు, పాత స్కాలర్‌షిప్పూ పోతుంది కొత్తదీ రాదు. వాళ్ళకి ముందే కూచోబెట్టి చెప్పే పెద్దదిక్కు కావాలి, కమీషన్ కోసం ముందుకి తోసే ఏజెంటు కాదు.

నా వాటా లెక్క తప్పనిపిస్తే కామెంట్లో తిట్టండి, వింటాను. విశ్వాసం అనే మాట మాత్రం వాడొద్దు, ముఖ్యంగా లింక్డిన్‌లో ఓపెన్ టు వర్క్ పెట్టుకున్నవాళ్ళు. అన్నయ్యగారూ, మీరు ఇది చదువుతారని తెలుసు, వచ్చే శనివారం మా ఇంట్లోనే పాట్‌లక్, రైతా మీరే తేవాలి.